నంబరు దాచే పిల్లలు
టైప్ 1 షుగర్ ఉన్న బిడ్డకు ఇంటివాళ్లు ఎలా తోడుండాలి?

ఈ నెల ఆరోగ్య పాఠం షుగర్ వ్యాధి ఉన్న పిల్లల గురించి. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలి, ఏం తినాలి అనే సంగతులు మా ఓపీలో మీకు తరచూ చెబుతూనే ఉన్నాం. ఈసారి పిల్లలు షుగర్ అంకెలు రాసుకునే చిన్న నోటు పుస్తకం గురించి మాట్లాడుకుందాం.

కొంతకాలం క్రితం ఒక రాత్రి నర్సంపేట వైపు పల్లె నుంచి పన్నెండేళ్ల అమ్మాయిని ఆటోలో తీసుకొచ్చారు. మధ్యాహ్నం నుంచి వాంతులు, కడుపునొప్పి. ఊపిరి లోతుగా, వేగంగా తీస్తోంది. నోటి నుంచి బాగా మాగిన పండు లాంటి వాసన వస్తోంది. మేము షుగర్ గురించి అడగగానే తండ్రి సంచిలో నుంచి పుస్తకం తీసి చూపించాడు. "రోజూ చూసుకుంటది సిస్టర్, షుగర్ మంచిగనే ఉంది. తిన్నదేదో పడనట్టుంది" అన్నాడు.

పుస్తకం ముచ్చటగా ఉంది. స్కేలుతో గీతలు గీసి, తేదీలు వేసి, పొద్దున 110, మధ్యాహ్నం 130, రాత్రి 120 అని వరసగా రాసి ఉంది. మా మీటరులో చూస్తే అంకె రాలేదు, "హై" అని వచ్చింది. అంటే ఆ మీటరు కొలవగలిగిన దానికన్నా రక్తంలో చక్కెర ఎక్కువగా ఉందన్నమాట. వెంటనే సెలైను, ఇన్సులిన్ మొదలుపెట్టారు. దేవుని దయవల్ల రెండు రోజులకు కోలుకుంది. పుస్తకంలో అంతా బాగానే ఉందన్న ధైర్యంతో ఇంటివాళ్లు ఒక పూటంతా ఆగారు. ఇంకొన్ని గంటలు ఆగి ఉంటే ఏమయ్యేదో మేము రాయనవసరం లేదు.

తర్వాత ఇంటి మీటరు తెప్పించి చూశాం. మీటరు తాను చూసిన అంకెలను తేదీతో సహా దాచుకుంటుంది. అందులో చివరి తొమ్మిది రోజులవి ఏమీ లేవు. అంతకు ముందువి 280, 340, 310. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సి పరీక్షలో 11 వచ్చింది.

మాలో ఒకరు వార్డులో అందరి ముందు "ఇట్ల అబద్ధాలు రాస్తారా?" అని గద్దించారు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు సాయంత్రం జడ వేస్తూ మెల్లగా అడిగితే చెప్పింది. "ఎక్కువొస్తే అమ్మ అన్నం తినది సిస్టర్. బాపు ఏం తిన్నవు, ఏం తిన్నవు అని అడుగుతనే ఉంటడు. తక్కువ రాస్తే ఇంట్ల అందరు మంచిగుంటరు."

ఆ మాట విన్నాక, గద్దించినందుకు మేము సిగ్గుపడ్డాం. ఇల్లు ప్రశాంతంగా ఉండాలని ఆ బిడ్డ ఒక్కతే ఆ భారమంతా మోసింది. ఈ పాఠం ఆ బిడ్డ మాట వల్లనే రాస్తున్నాం.

పిల్లల షుగర్ పెద్దల షుగర్ లాంటిది కాదు

పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది టైప్ 2. పిల్లలకు ఎక్కువగా వచ్చేది టైప్ 1. మన కడుపులో క్లోమం అనే గ్రంథి ఉంది. అందులో ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరంలోని రక్షణ శక్తే పొరపాటున నాశనం చేయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. స్వీట్లు ఎక్కువ తిన్నందుకు రాదు. తల్లి పెంపకం లోపం వల్ల రాదు. ఎవరి పాపం వల్లా రాదు.

ఇన్సులిన్ లేకుండా ఈ పిల్లలు బతకలేరు. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ను వెలికితీశారు. 1922 జనవరిలో దాన్ని మొదటిసారి పొందిన రోగి లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయి. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొద్ది నెలలకో, ఒకటి రెండేళ్లకో చనిపోయేవారు. బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినంగా జరుపుకుంటాం. మన దేశంలో అదే రోజు బాలల దినోత్సవం కూడా.

ఇన్సులిన్ ఎంత వేయాలో డాక్టరుగారు షుగర్ అంకెలను చూసే నిర్ణయిస్తారు. అంకె తప్పయితే మోతాదు తప్పవుతుంది. ఉన్నదానికన్నా తక్కువ రాస్తే చాలని ఇన్సులిన్ చాలక, ఈ అమ్మాయికి జరిగినట్టు జరుగుతుంది. సూది వేసుకోకుండానే వేసుకున్నట్టు రాస్తే ఇంకో ప్రమాదం ఉంది. మోతాదు చాలడం లేదనుకుని డాక్టరుగారు పెంచుతారు. పిల్ల ఒక రోజు ఆ మోతాదంతా వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది.

దూరపు ప్రమాదం కూడా ఉంది. అమెరికా, కెనడా దేశాల్లో 1,441 మంది టైప్ 1 రోగులను చాలా ఏళ్లు గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. షుగర్‌ను శ్రద్ధగా అదుపులో పెట్టుకున్నవారిలో కంటి, మూత్రపిండాల, నరాల జబ్బులు బాగా తగ్గాయని తేలింది. అంటే ఇప్పుడు నిజం రాసుకుంటే ముప్పై ఏళ్ల తర్వాత చూపు నిలుస్తుందన్నమాట.

పిల్లలు ఎందుకు దాస్తారు?

"పరీక్ష" అనే మాటను ఒకసారి ఆలోచించండి. బడిలో పరీక్ష అంటే పాసు, ఫెయిలు. ఇంట్లో "షుగర్ పరీక్ష చేసుకున్నావా? ఎంత వచ్చింది?" అని అడిగితే పిల్లల చెవికి అది "ఎన్ని మార్కులు వచ్చాయి?" అన్నట్టే వినిపిస్తుంది. మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడు ప్రోగ్రెస్ కార్డు దాచినట్టే వీళ్లు అంకె దాస్తారు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. ఓపీలో అంకెలు బాగుంటే పుస్తకం మీద "గుడ్" అని రాసేవాళ్లం. ఎక్కువుంటే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవాళ్లం. పిల్లలకు నిజం రాయకూడదని అలా మేమే నేర్పించాం. ఇప్పుడు ఎర్ర పెన్ను వాడడం మానేశాం.

మాతో పిల్లలు చెప్పిన కారణాలు ఇవి:

తిడతారనే భయం. "దొంగతనంగా ఏదో తిన్నావు" అన్న నింద.

అమ్మ ఏడుస్తుందనే బాధ. తిట్టు కన్నా ఇదే ఎక్కువ మందిని దాచేలా చేస్తోంది.

విసుగు. రోజుకు నాలుగైదు సార్లు వేలు గుచ్చుకోవాలి, నాలుగు సూదులు వేసుకోవాలి. దీనికి సెలవు రోజు అంటూ లేదు. పెద్దవాళ్లమైనా అలసిపోతాం.

స్నేహితుల ముందు నామోషీ. బాత్‌రూములో దాక్కుని సూది వేసుకునే పిల్లలున్నారు.

ఖర్చు. ఒక స్ట్రిప్పు 20 రూపాయలు అనుకుంటే, రోజుకు నాలుగైతే నెలకు 2,400 రూపాయలు. కూలి చేసుకునే ఇంట్లో ఆ సంగతి పిల్లలకు తెలుసు. నాన్నకు ఖర్చు ఎందుకని పరీక్ష మానేసి, మీకు అంకె మాత్రం చెబుతారు.

ఇంకొక కారణం ఉంది. చాలా ఇళ్లలో, ముఖ్యంగా ఆడపిల్ల అయితే, జబ్బు సంగతి చుట్టాలకు చెప్పరు. "రేపు పెళ్లి ఎట్లయితది" అన్న భయం. శుభకార్యానికి పోతే సూది దాచి పెట్టమంటారు. మీ భయం మాకు అర్థమవుతుంది. కానీ ఇంటివాళ్లు జబ్బును దాస్తుంటే అది దాచవలసిన తప్పు పని అని బిడ్డ నేర్చుకుంటుంది. ఆ తర్వాత అంకెను దాస్తుంది.

గుర్తుపట్టడం ఎలా?

పుస్తకంలో అంకెలన్నీ 110, 120, 130 అని సున్నాతోనే ముగుస్తుంటే, వారం రోజులవి ఒకే పెన్నుతో ఒకేసారి రాసినట్టుంటే, స్ట్రిప్పులు అనుకున్నంత ఖర్చు కాకపోతే, మీటరు తరచూ "పాడైపోయింది" అంటుంటే ఆలోచించండి. దాహం, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, బరువు తగ్గడం కనిపిస్తూ పుస్తకంలో అంకెలు బాగుంటే వెంటనే మాకు చెప్పండి.

హెచ్‌బీఏ1సి 7 వస్తే సగటు షుగర్ సుమారు 154 ఉన్నట్టు. 11 వస్తే సుమారు 270. పుస్తకం సగటు 120, హెచ్‌బీఏ1సి 11 అయితే రెండూ నిజం కావడం కష్టం. అయినా అంతమాత్రాన బిడ్డను అబద్ధాలకోరు అనకండి. రక్తహీనత ఉన్నవారిలో, సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలో హెచ్‌బీఏ1సి సరిగా చూపించకపోవచ్చు. ములుగు, ఏటూరునాగారం వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లున్నారు. ముందు మీటరు జ్ఞాపకంలోని అంకెలు చూడాలి, డాక్టరుగారిని అడగాలి.

తెలిసిన రోజున ఏం చేయాలి?

మొదటి పని, ఆ క్షణంలో ఏమీ అనకుండా ఉండడం. అందరి ముందు అడగవద్దు. మీటరు చేతిలో పట్టుకుని పోలీసులా నిలదీయవద్దు. కోపం తగ్గాక, ఇద్దరే ఉన్నప్పుడు పక్కన కూర్చుని ఇలా చెప్పండి: "బిడ్డా, పుస్తకంలో ఉన్నవి, మీటరులో ఉన్నవి వేరుగా ఉన్నాయి. నేను తిట్టను. నిజం చెప్పడానికి నువ్వు భయపడ్డావంటే నా వైపు కూడా ఏదో తప్పుంది. ఏది కష్టంగా ఉంది?"

తర్వాత మీరు మాట్లాడకండి, వినండి. "ఇకమీదట దాచనని ఒట్టెయ్యి" అని అడగవద్దు. ఒట్టు తప్పితే దాచవలసింది ఇంకొకటి పెరుగుతుంది.

ఆ రోజు నుంచి కొన్ని వారాల పాటు షుగర్ చూసే పని మీరు కూడా పంచుకోండి. ఇది శిక్ష అనిపించకూడదు. "నువ్వు అలసిపోయావు, కొన్నాళ్లు నేను రాస్తాను, నువ్వు ఊరికే వేలు ఇవ్వు" అనండి. పదేళ్లకే పిల్ల సూది తానే వేసుకుంటోందని మనం గర్వపడతాం, మెల్లగా పక్కకు తప్పుకుంటాం. పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలకు చేతకావడం వేరు, రోజూ ఒంటరిగా చేయగలగడం వేరు. పెద్దవాళ్లు తోడున్న ఇళ్లలో షుగర్ బాగా అదుపులో ఉంటుంది.

ఇంట్లో మాట మార్చుకోండి

"పరీక్ష" అనకుండా "షుగర్ చూసుకుందామా" అనండి. "మంచి షుగర్, చెడ్డ షుగర్" అనకుండా "ఎక్కువ ఉంది, తక్కువ ఉంది" అనండి. రోజులో ఎక్కువ భాగం 70 నుంచి 180 మధ్య ఉండేలా చూడడం మామూలు లక్ష్యం. మీ బిడ్డకు ఎంత ఉండాలో డాక్టరుగారు చెబుతారు. అన్ని అంకెలూ ఆ గీత లోపలే ఉండే బిడ్డ ఎక్కడా లేదు.

310 వస్తే మొదటి మాట "ఏం తిన్నావు?" కాకూడదు. "చూసి చెప్పావు, మంచి పని చేశావు. ఇప్పుడేం చేద్దాం?" అన్నది మొదటి మాట కావాలి. మెప్పు అంకెకు ఇవ్వకండి, చూసి చెప్పినందుకు ఇవ్వండి. అంకె 110 వచ్చినప్పుడు గంతులు వేయవద్దు, 310 వచ్చినప్పుడు ఏడవవద్దు. తల్లులారా, కన్నీళ్లు ఆగవని మాకు తెలుసు. వంటింట్లోకి వెళ్లి ఏడవండి, మా దగ్గరికి వచ్చి ఏడవండి. మీ అన్నం మాత్రం మానకండి.

వారానికి ఒకసారి, ఆదివారం మధ్యాహ్నం పది నిమిషాలు మీటరు ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. రోజూ పొద్దున ఎక్కువ ఉంటోందా, ఆటలు ఉన్న రోజు పడిపోతోందా అని వెతకండి. కనిపించింది రాసుకుని మాకు తెచ్చి చూపించండి. మోతాదు మాత్రం డాక్టరుగారు నేర్పించినట్టే మార్చండి. కొందరు ఇప్పుడు చేతికి అంటించే సెన్సారు వాడుతున్నారు. అంకెలు తల్లి ఫోనుకే వస్తాయి. అది మంచి సాధనమే, కానీ బడిలో ఉన్న పిల్లకు గంటకోసారి ఫోను చేసి అడిగితే ఆ పిల్ల సెన్సారు పీకేస్తుంది.

అంకె ఎక్కువైతే తప్పు బిడ్డదేనా?

చాలాసార్లు కాదు. ఈ కారణాలు వెతకండి:

ఎదిగే వయసు. పదకొండు నుంచి పదహారేళ్ల మధ్య శరీరంలో వచ్చే మార్పుల వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఏమీ తప్పు చేయకపోయినా షుగర్ పెరుగుతుంది, మోతాదు పెంచవలసి వస్తుంది. ఆడపిల్లలకు నెలసరి రోజుల్లోనూ తేడా ఉంటుంది.

ఎండ. మన వరంగల్ ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. వేడికి ఇన్సులిన్ శక్తి కోల్పోతుంది. ఫ్రిజ్ లేకపోతే సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్లున్న మట్టి కుండలో నీడపట్టున ఉంచండి. ఫ్రిజ్ ఉంటే గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

చెయ్యి కడగకపోవడం. మామిడిపండు తిన్న వేలితోనో, బెల్లం ముట్టుకున్న వేలితోనో చూస్తే లేని షుగర్ కనిపిస్తుంది. సబ్బుతో కడిగి, ఆరాక చూడాలి.

ఒకేచోట సూది. తొడ మీద, పొట్ట మీద అదే చోట వేస్తుంటే అక్కడ గడ్డలా ఉబ్బి మందు సరిగా ఎక్కదు. చోటు మార్చాలి.

జ్వరం, భయం, పరీక్షల దిగులు కూడా షుగర్ పెంచుతాయి.

ఇన్ని కారణాలు వెతికాక తిండి గురించి అడగవచ్చు. బతుకమ్మకు మలీద ముద్ద, సంక్రాంతికి అరిసె, క్రిస్మస్‌కు కేకు ముక్క పూర్తిగా నిషేధిస్తే దొంగచాటుగా తినడం, దాన్ని దాచడానికి అంకె దాచడం మొదలవుతాయి. ఎంత తినవచ్చు, దానికి ఇన్సులిన్ ఎంత అన్నది ముందే మమ్మల్ని అడగండి. భోజనంతో పాటు కొద్దిగా, అందరి మధ్య కూర్చుని తిననివ్వండి.

బంధువులు, సంఘ కుటుంబాలు, బడి

విందులో "అయ్యో, ఈ పిల్ల స్వీటు తినకూడదు" అని గట్టిగా అనకండి. "పసరు మందు ఇస్తారట, ఇన్సులిన్ మానేయండి" అని సలహా ఇవ్వకండి. ప్రార్థన చేయండి, ఇన్సులిన్ మాత్రం ఒక్క పూట కూడా ఆపించకండి.

బడిలో క్లాసు టీచరుకు, ఆటల సారుకు చెప్పాలి. టైప్ 1 పిల్లలు తరగతిలో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, వేళకు తినడానికి అనుమతించాలని 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాలకు రాసింది. టీచరును అడగడానికి సంకోచించకండి. పిల్లలకు ధైర్యం చెప్పడానికి వసీం అక్రమ్ సంగతి చెప్పండి. 1997లో షుగర్ బయటపడ్డాక కూడా ఆయన ఏళ్ల తరబడి అంతర్జాతీయ క్రికెట్లో ఫాస్ట్ బౌలింగ్ చేశాడు.

వెంటనే పట్టించుకోవలసిన సూచనలు

షుగర్ 70 కన్నా తగ్గితే, లేదా చెమట, వణుకు, ఆకలి, తికమక ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. చాక్లెట్ ఆలస్యంగా పనిచేస్తుంది, దానిపై ఆధారపడవద్దు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

షుగర్ 250 దాటి, వాంతులు, కడుపునొప్పి, లోతైన ఊపిరి, పండు వాసన ఉంటే అది కీటోన్ల విషమ స్థితి. తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి. తినడం లేదు కదా అని ఇన్సులిన్ ఆపకండి. పుస్తకంలో ఏముందో ఆ గంటలో చూడకండి, బిడ్డను చూడండి.

ఆ అమ్మాయి ఎలా ఉంది?

ఇప్పుడు ఆమె పుస్తకం అంత అందంగా లేదు. కొట్టివేతలు, 312, 58, 187, 241 అన్నీ ఉన్నాయి. కొన్ని తల్లి చేతిరాతలో ఉన్నాయి. ఒకచోట "ఈ పూట చూసుకోలే" అని రాసుంది. ఆరు నెలల తర్వాత హెచ్‌బీఏ1సి 8.4కు దిగింది. ఇంకా తగ్గాలి. కానీ ఇప్పుడు ఆ పుస్తకం చూసి డాక్టరుగారు మందు నిర్ణయించగలుగుతున్నారు. మొన్న వచ్చినప్పుడు "అమ్మ తింటున్నదా?" అని అడిగితే "తింటున్నది సిస్టర్, నాతోనే తింటది" అని నవ్వింది.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి

1. షుగర్ అంకె ఎక్కువ వచ్చినప్పుడు మన ఇంట్లో వినిపించే మొదటి మాట ఏమిటి?

2. ఈ జబ్బు పనుల్లో బిడ్డకు అన్నిటికన్నా విసుగు పుట్టించేది ఏది? అందులో పెద్దవాళ్లు ఏది పంచుకోగలరు?

3. మన బిడ్డకు షుగర్ ఉందని ఎవరెవరి దగ్గర దాస్తున్నాం? ఎందుకు?

4. స్ట్రిప్పుల ఖర్చు భారంగా ఉందా? ఉంటే సిగ్గుపడకుండా మాకు చెప్పండి. చూసుకోకుండా రాసే కంటే, వీలైనన్ని సార్లు చూసి నిజం రాయడం మేలు. ఏ వేళల్లో తప్పక చూడాలో మేము చెబుతాం.

ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు పుస్తకంతో పాటు మీటరు కూడా తీసుకురండి. అందులో ఎంత ఉన్నా మేము తిట్టం.